400 మిల్లీసెకన్ల కొలువు

2018 జూన్ 25, రష్యాలోని వోల్గోగ్రాడ్. ఈజిప్టు, సౌదీ అరేబియా రెండూ అప్పటికే ప్రపంచకప్ నుంచి ఇంటిదారి పట్టాయి. పరువు కోసం తప్ప ఆ మ్యాచ్‌కు వేరే విలువ లేదు. అయినా ఆ రోజు ఒక రికార్డు పుట్టింది. ఈజిప్టు గోల్‌కీపర్ ఎస్సామ్ అల్ హదరీ వయసు అప్పటికి 45 ఏళ్ల 161 రోజులు. ప్రపంచకప్ మ్యాచ్‌లో అంత వయసువాడు అంతకుముందెన్నడూ ఆడలేదు. మొదటి అర్ధభాగం ముగియకముందే సౌదీకి పెనాల్టీ దొరికింది. కొట్టడానికి వచ్చిన ఫహద్ అల్ మువల్లద్ అతనికన్నా ఇరవై ఏళ్లకు పైగా చిన్నవాడు. అల్ హదరీ పక్కకు ఎగిరి ఆ బంతిని ఆపేశాడు. చివరికి ఈజిప్టు 1-2తో ఓడిపోయిందనుకోండి. కీపర్ల గొప్పరోజులు చాలాసార్లు ఇలాగే ముగుస్తాయి.

ఫుట్‌బాల్‌లో ముప్పై దాటిన వింగర్‌ను క్లబ్బులు అనుమానంగా చూడటం మొదలుపెడతాయి. ముప్పై అయిదుకి చాలామంది కోచింగ్ సర్టిఫికెట్ల వేటలో ఉంటారు. కీపర్ల లెక్క వేరు. ఇటలీకి 1982 ప్రపంచకప్ అందించిన కెప్టెన్ డినో జోఫ్ అప్పటికి నలభై ఏళ్లవాడు. ఇంగ్లండ్ కీపర్ పీటర్ షిల్టన్ కూడా 1990 ప్రపంచకప్‌లో నలభై ఏళ్ల వయసులోనే ఆడాడు. పదిహేడేళ్ల కుర్రాడిగా 1995లో పార్మా తరఫున తొలి లీగ్ మ్యాచ్ ఆడిన జియాన్‌లూయిజీ బుఫాన్, 2023లో నలభై అయిదో ఏట గ్లవ్స్ విప్పాడు.

ఇక్కడో చిక్కు ఉంది. గోల్‌కీపర్‌కి కావలసిందేమిటని ఎవర్ని అడిగినా మొదట వచ్చే జవాబు రిఫ్లెక్సులు. ఆ మాటే నిజమైతే అందరికంటే ముందు రిటైర్ కావలసింది కీపరే. ఎందుకంటే కంటికి కనిపించినదానికి శరీరం స్పందించే వేగం ఇరవైల తర్వాత మెల్లగా తగ్గడమే తప్ప పెరగదు. మరి నలభై దాటినవాడు ఎలా నెగ్గుకొస్తున్నాడు? ఆ సంగతి తేలాలంటే ముందు పెనాల్టీ లెక్క చూడాలి.

పెనాల్టీ గుర్తు నుంచి గోల్ గీత దాకా దూరం దాదాపు 11 మీటర్లు. గంటకు 100 కిలోమీటర్ల వేగంతో కొట్టిన బంతి సెకనుకు సుమారు 28 మీటర్లు పోతుంది. అంటే గీతను చేరడానికి దానికి 400 మిల్లీసెకన్లు చాలు. ఇటు కీపర్ సంగతి చూద్దాం. కంటిలో పడిన దృశ్యం మెదడుకు చేరి, అక్కణ్నుంచి కండరానికి ఆజ్ఞ వెళ్లడానికే సుమారు 200 మిల్లీసెకన్లు పడుతుంది. ఎడమా, కుడా అని ఎంచుకోవలసి వస్తే ఇంకాస్త ఎక్కువ. ఆ తర్వాత గోల్ మధ్య నుంచి స్తంభం దాకా దూకి చెయ్యి చాపాలి. దానికే 600 మిల్లీసెకన్లు, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువ కావాలి. మొత్తం కలిపితే 800. చేతిలో ఉన్నది 400.

అంటే బంతిని చూసి దూకే కీపర్ ఎప్పటికీ ఆలస్యమే. ప్రపంచంలోకెల్లా చురుకైన నరాలున్నా, మూలకు గట్టిగా కొట్టిన బంతిని చూశాక కదిలి ఆపడం మనిషి వల్ల కాదు. యవ్వనం ఇచ్చే ఇరవై, ముప్పై మిల్లీసెకన్ల లాభం ఈ లోటును పూడ్చదు. పెనాల్టీలలో నాలుగింట మూడు వంతులు గోల్ కావడంలో వింతేమీ లేదు. ఆ మిగిలిన వంతే వింత.

ఆ వంతు దొరికేది బంతి కదలకముందు. కండక్టర్ ఈల వేయకముందే డ్రైవర్ చెయ్యి గేరు రాడ్డు మీద పడటం చూసి పరుగు లంకించుకునే ప్రయాణికుడికి ఈ విద్య తెలుసు. పెనాల్టీ కొట్టేవాడి శరీరం తన ఉద్దేశాన్ని కొంచెం ముందుగానే బయటపెడుతుంది. బంతి పక్కన ఆనించే కాలు, అంటే కొట్టని కాలి పాదం, ఏ దిక్కుకు తిరిగి ఉంది? నడుము ఎంత తెరుచుకుంది? కొట్టే కాలు ఏ కోణంలో వెనక్కి వెళ్లింది? ఆనించిన పాదం ఎటు చూస్తే చాలాసార్లు బంతీ అటే పోతుంది. కానీ ఆ కబురు అందేది బంతిని తన్నడానికి రెప్పపాటు ముందు మాత్రమే.

నెదర్లాండ్స్‌కు చెందిన గీర్ట్ సావెల్స్‌బర్గ్ బృందం 2002లో ప్రచురించిన పరిశోధన ఈ విషయంలో బాగా పేరుపడింది. తెరమీద పెనాల్టీల వీడియో వేసి, చేతిలో జాయ్‌స్టిక్ పెట్టి, బంతి ఎటు వస్తుందో చెప్పమన్నారు. అనుభవమున్న కీపర్లు, కొత్తవాళ్లు ఎక్కడెక్కడ చూస్తున్నారో కంటి కదలికలు పట్టే పరికరంతో నమోదు చేశారు. కొత్తవాళ్ల చూపు ఛాతీ, చేతులు, నడుము మీద తచ్చాడింది. అనుభవజ్ఞులు తక్కువ చోట్ల, ఎక్కువసేపు చూపు నిలిపారు. మొదట ముఖం, ఆటగాడు బంతి దగ్గరయ్యేకొద్దీ కొట్టే కాలు, ఆనించే కాలు, బంతి. ఇంకో తేడా కూడా తేలింది. అనుభవజ్ఞులు నిర్ణయాన్ని ఆలస్యం చేశారు, తొందరపడలేదు. ఎంత ఆగితే అంత నమ్మకమైన ఆధారం. మరీ ఆగితే శరీరం చేరదు. ఈ రెండింటి నడుమ ఉన్న సన్నని సందులోనే కీపర్ బతుకంతా ఉంది. అది వయసుతో అరిగేది కాదు, వేల బంతులు చూసినకొద్దీ పదునెక్కేది.

అలాగని కీపర్లు ఎప్పుడూ తెలివిగానే ప్రవర్తిస్తారని కాదు. ఇజ్రాయెల్‌లో మైఖేల్ బార్ ఎలీ, సహచరులు 286 పెనాల్టీలను పరిశీలించి 2007లో ఒక పరిశోధన ప్రచురించారు. వాటిలో దాదాపు 29 శాతం బంతులు గోల్ మధ్యలోకే వచ్చాయి. కీపర్లు కదలకుండా మధ్యలో నిలబడింది మాత్రం 6.3 శాతం సార్లే. నిలబడినప్పుడు మూడింట ఒకటి ఆపారు. ఎడమకు దూకితే 14.2 శాతం, కుడికి దూకితే 12.6 శాతం ఆపారు. లెక్క ప్రకారం ఇంకా ఎక్కువసార్లు ఊరికే నిలబడి ఉండాల్సింది. కానీ దూకి గోల్ ఇస్తే పాపం ప్రయత్నించాడంటారు. నిలబడి గోల్ ఇస్తే చేష్టలుడిగి చూశాడంటారు. వేల కళ్ల ముందు ఏదో ఒకటి చేసినట్టు కనిపించాలన్న ఒత్తిడి అది. ఆఫీసుల్లో ఎవరూ చదవని నివేదికలు పుట్టడానికీ మూలం ఇదేనని నా అనుమానం. కీపర్లందరూ రేపటి నుంచి కదలకుండా నిలబడితే కొట్టేవాళ్లూ ఊరుకోరు, మూలలకే కొడతారు. ఇద్దరూ ఒకరినొకరు చదువుకునే ఆట కాబట్టే ఆర్థికశాస్త్రంలో గేమ్ థియరీ చదివేవాళ్లకు పెనాల్టీ అంటే అంత మోజు.

చదువు అంటే గుర్తొచ్చింది, చీటీల సంగతి. 2006 ప్రపంచకప్ క్వార్టర్‌ఫైనల్లో, బెర్లిన్‌లో, జర్మనీ, అర్జెంటీనా పెనాల్టీ షూటౌట్‌కు వెళ్లాయి. జర్మనీ కీపర్ యెన్స్ లేమన్‌కు గోల్‌కీపింగ్ కోచ్ ఒక హోటల్ నోటు కాగితం ఇచ్చాడు. అర్జెంటీనా ఆటగాళ్లలో ఎవరు ఎటు కొడతారో దానిమీద పెన్సిల్‌తో రాసి ఉంది. ప్రతి పెనాల్టీకి ముందు లేమన్ దాన్ని సాక్సులోంచి తీసి చూసుకున్నాడు. రెండు ఆపాడు. రెండోది ఎస్తెబాన్ కాంబియాసోది. తమాషా ఏమిటంటే ఆ చీటీలో కాంబియాసో పేరే లేదు. అయినా లేమన్ కాగితాన్ని తీరిగ్గా చదువుతూ నిలబడ్డాడు. ఆ కాగితంలో తన గుట్టు ఉందేమోనని కాంబియాసో అనుకున్నాడో లేదో గాని, కొట్టిన బంతి మాత్రం లేమన్ చేతికి చిక్కింది. తర్వాత ఆ ముక్క కాగితం ధర్మకార్యం కోసం పది లక్షల యూరోలకు అమ్ముడై, బాన్‌లోని చరిత్ర మ్యూజియానికి చేరింది. ఇంగ్లండ్ కీపర్ జోర్డన్ పిక్‌ఫర్డ్ ఇలాంటి చీటీని నీళ్ల సీసాకు అంటించుకుంటాడు. 2024 యూరో క్వార్టర్‌ఫైనల్లో స్విట్జర్లాండ్ ఆటగాడు అకాంజీ పేరు పక్కన ఎడమకు దూకమని ఉంది. దూకాడు, ఆపాడు.

పెనాల్టీ ఇలా పరీక్షలకు, గణాంకాలకు అనువైన బొమ్మ కాబట్టే శాస్త్రవేత్తలు దాని చుట్టూ తిరుగుతారు. కీపర్ రోజువారీ పని అది కాదు. తొంభై నిమిషాల్లో అతను ఎక్కువగా చేసేది నిలబడే చోటును సరిచేసుకోవడం. టీవీలో అది కనిపించదు, కెమెరా బంతి వెంట ఉంటుంది. ఒక చిన్న లెక్క వేసి చూద్దాం. గోల్ వెడల్పు 7.32 మీటర్లు. ఫార్వర్డ్ ఎదురుగా 16 మీటర్ల దూరంలో బంతితో ఉన్నాడు. కీపర్ గీత మీదే ఉంటే 7.32 మీటర్లూ కాపాడుకోవాలి. నాలుగు మీటర్లు ముందుకొస్తే, అతనున్న చోట కాయవలసిన వెడల్పు 5.49 మీటర్లకు తగ్గుతుంది. ఎనిమిది మీటర్లు వస్తే సరిగ్గా సగం, 3.66. అయితే ఉచితంగా ఏదీ రాదు. గంటకు 100 కిలోమీటర్ల బంతి గీత దగ్గరికి రావడానికి దాదాపు 576 మిల్లీసెకన్లు పడితే, నాలుగు మీటర్లు ముందున్న కీపర్‌ను 432లో, ఎనిమిది మీటర్లు ముందున్నవాణ్ని 288లో చేరుతుంది. పైగా తలమీంచి లేపేసే ప్రమాదం ఒకటి. ఏ అడుగు దగ్గర ఆగాలో కొలబద్ద పెట్టి చెప్పేవారు లేరు. ఆగిన తర్వాత, బంతిని తన్నే క్షణానికి సరిగ్గా రెండు పాదాలూ నేలమీద ఉండేలా ఓ చిన్న గెంతు వేస్తాడు. అప్పుడే ఏ వైపుకైనా నేలను తన్ని లేవగలడు. తర్వాతసారి మ్యాచ్ చూసేటప్పుడు ఫార్వర్డ్‌ను వదిలేసి కీపర్ పాదాలు చూడండి. మంచి కీపర్‌కి, మామూలు కీపర్‌కి తేడా చాలావరకు అక్కడే తేలిపోతుంది. కోణం సరిగ్గా పట్టినవాడికి గాల్లోకి ఎగిరే పనే తక్కువ. బంతి వచ్చి పొట్టకు తగులుతుంది. ఎగిరి పట్టిన ఫొటోలు తక్కువగా ఉన్న కీపర్‌ను తక్కువవాడనుకోకూడదు.

చూపుతో పాటు చెవీ పనిచేస్తుందని ఈమధ్య తేలింది. గోల్ ముందు ఏడెనిమిది మంది గుమిగూడినప్పుడు బంతిని తన్నిన క్షణం కంటికి ఆనదు, చప్పుడు మాత్రం వినిపిస్తుంది. ఐర్లండ్‌లో ప్రొఫెషనల్ కీపర్‌గా ఆడి పరిశోధనలోకి వచ్చిన మైఖేల్ క్విన్, డబ్లిన్ సిటీ యూనివర్సిటీ సహచరులతో కలిసి 2023లో ఒక సరదా పరీక్ష ఫలితాలు ప్రచురించాడు. తెరమీద ఒక్కసారి మెరుపు చూపించి, దానితో పాటు దగ్గరదగ్గరగా రెండు బీప్‌లు వినిపిస్తే చాలామందికి రెండు మెరుపులు కనిపించినట్టు అనిపిస్తుంది. కన్ను, చెవి ఇచ్చే సమాచారాన్ని మెదడు ఒకే సంఘటనగా కుట్టేయడం వల్ల వచ్చే భ్రమ ఇది. ఈ బోల్తా కొట్టించే ఆటలో కీపర్లు తక్కువగా పడ్డారు. ఇతర స్థానాల్లో ఆడేవాళ్లకన్నా, ఫుట్‌బాల్ ఆడనివాళ్లకన్నా, కన్నూ చెవీ ఇచ్చే కబుర్లను కాలంలో విడివిడిగా గుర్తించగలిగారు. ఇది సాధనతో వచ్చిందా, లేక ఆ గుణమున్న పిల్లలే గోల్‌పోస్టు మధ్యకు చేరుతున్నారా అన్నది ఆ పరీక్ష తేల్చే విషయం కాదు.

ఇంత చదివినా బంతి మాట వినకపోతే? 2010లో దక్షిణాఫ్రికా ప్రపంచకప్‌కు వాడిన జబులానీ బంతి కీపర్లకు పీడకల. పాత బంతులకు 32 ముక్కలుండేవి, దీనికి ఎనిమిదే. అతుకుల మొత్తం పొడవు దాదాపు 2 మీటర్లు. 2014 ప్రపంచకప్ బంతి బ్రజూకాకు 3.27 మీటర్లు. అతుకులు తగ్గి బంతి నున్నబడితే ఏమవుతుంది? గాలిలో పోయే బంతిని అంటిపెట్టుకుని ఒక పల్చని గాలిపొర ఉంటుంది. ఒక వేగం దగ్గర ఆ పొర ప్రశాంతస్థితి నుంచి అల్లకల్లోలానికి మారుతుంది. గరుకు బంతికి ఈ మార్పు తక్కువ వేగంలోనే అయిపోతుంది. నున్నటి బంతికి ఆ వేగం పెరిగి, సరిగ్గా ఫ్రీకిక్‌లు వచ్చే వేగాల్లో పడింది. తిరగకుండా వచ్చే బంతికి ఒక పక్క గాలి ఒకలా, మరో పక్క మరోలా విడిపోతుంది. బంతి గాల్లో తడబడుతుంది. కీపర్ చదివిందల్లా బంతి బయల్దేరిన క్షణాన్ని. దారిలో అది మనసు మార్చుకుంటే చేయగలిగింది లేదు. నాసా ఏమ్స్ కేంద్రంలో రబీ మెహతా ఈ బంతులపై పరీక్షలు చేసి, కీపర్ల ఫిర్యాదు ఉత్త సాకు కాదని చూపించాడు.

శరీరం మాటకొస్తే, మైదానంలో మిగతావాళ్లు మ్యాచ్‌కు పది, పదకొండు కిలోమీటర్లు తిరిగితే కీపర్ అయిదు కిలోమీటర్ల చుట్టుపక్కల ఉంటాడు, అదీ ఎక్కువ నడకే. వింగర్ పొట్ట గడిచేది ముప్పై, నలభై మీటర్ల పరుగు మీద. వయసు మొదట కోసేది దాన్నే. కీపర్‌కి కావలసింది రెండు మూడు అడుగుల పేలుడు. అది కాస్త నెమ్మదించినా ఒక అడుగు ముందుగా సరైన చోట నిలబడి సర్దుకోవచ్చు. బదులుగా అతని వేళ్లు, భుజాలు, తుంటి మూల్యం చెల్లిస్తాయి. చెకియా కీపర్ పీటర్ చెక్‌కు 2006 అక్టోబరులో మ్యాచ్ మొదలైన నిమిషంలోపే ప్రత్యర్థి మోకాలు తగిలి కపాలం పగిలింది. మూడు నెలలకు రగ్బీవాళ్ల తలకవచం పెట్టుకుని తిరిగొచ్చాడు. 2019లో రిటైరయ్యేదాకా దాన్ని వదల్లేదు.

అయితే తల విషయంలో కీపర్‌కు ఓ ఊరట ఉంది. స్వీడన్ మొదటి డివిజన్‌లో 1924 నుంచి 2019 వరకు ఆడిన 6,007 మంది పురుషుల ఆరోగ్య రికార్డులను అక్కడి పరిశోధకులు సాధారణ జనాభాతో పోల్చి 2023లో ఫలితాలు చెప్పారు. ఆటగాళ్లలో 9 శాతం మందికి, పోల్చినవారిలో 6 శాతం మందికి అల్జీమర్స్ వంటి నాడీ క్షీణత వ్యాధులు వచ్చాయి. ఆ పెరిగిన ముప్పు కీపర్లలో కనిపించలేదు. స్కాట్లాండ్ పరిశోధనలోనూ దాదాపు ఇదే తేలింది. కీపర్ బంతిని తలతో కొట్టడం చాలా అరుదు. ఏళ్ల తరబడి హెడర్లు కొట్టడమే ఈ జబ్బులకు కారణమన్న అనుమానానికి ఇంతకంటే బలమైన పరోక్ష సాక్ష్యం దొరకడం కష్టం.

ఇంత పొడుగు కెరీర్‌కు ఒక చేదు లెక్క కూడా ఉంది. జట్టులో పదకొండు చోట్లుంటే కీపర్‌కు దక్కేది ఒక్కటే. అలసిపోయాడని డెబ్బయ్యో నిమిషంలో మార్చరు. ముందున్నవాడు నలభై దాకా దిగకపోతే వెనకున్నవాడు బెంచీ మీద ముప్పైకి చేరతాడు. ఎమిలియానో మార్టినెజ్ పదిహేడేళ్ల వయసులో, 2010లో, అర్జెంటీనా నుంచి ఆర్సెనల్‌కు వచ్చాడు. ఆక్స్‌ఫర్డ్, షెఫీల్డ్ వెన్జ్‌డే, రోథర్‌హామ్, వుల్వ్స్, గెటాఫే, రీడింగ్ అంటూ అద్దెకు తిరగడంతోనే పదేళ్లు గడిచిపోయాయి. 2020 జూన్‌లో మొదటి కీపర్ గాయపడితే గాని తలుపు తెరుచుకోలేదు. అప్పటికి అతనికి 27. రెండున్నరేళ్ల తర్వాత, ప్రపంచకప్ ఫైనల్ 123వ నిమిషంలో, ఒంటరిగా దూసుకొచ్చిన ఫ్రాన్స్ ఆటగాడు కోలో మువానీ కొట్టిన బంతిని ఎడమకాలు చాచి ఆపాడు. అది రిఫ్లెక్స్ కాదా అంటే, కాలి విషయంలో అవును. ముందుకొచ్చి కాళ్లూ చేతులూ చాచి నిలబడటం మాత్రం ఆ పదేళ్లలో నేర్చిన విద్యే.

మన హైదరాబాద్‌లో పుట్టిన పీటర్ తంగరాజ్ అయితే మొదట సెంటర్ ఫార్వర్డ్. సైన్యంలో చేరి, మద్రాస్ రెజిమెంటల్ సెంటర్‌కు ఆడుతూ గోల్‌పోస్టు మధ్యకు మారాడు. ఆరడుగులు దాటిన ఆ మనిషి 1956 మెల్‌బోర్న్, 1960 రోమ్ ఒలింపిక్స్ జట్లలో ఉన్నాడు. 1962 జకార్తా ఆసియా క్రీడల ఫైనల్లో దక్షిణ కొరియాను 2-1తో ఓడించి స్వర్ణం తెచ్చిన భారత జట్టుకు అతనే కీపర్, మరో హైదరాబాదీ సయ్యద్ అబ్దుల్ రహీం కోచ్. 1967లో అర్జున అవార్డు అందుకున్నాడు. గోల్ కొట్టడం తెలిసినవాడు గోల్ ఆపడంలోకి వస్తే కొట్టేవాడి మనసు చదవడం కొంత సులువవుతుందని ఊహించవచ్చు. ఇప్పటి తరంలో గురుప్రీత్ సింగ్ సంధు 2014లో నార్వే క్లబ్ స్టాబెక్‌కు వెళ్లి, లీగ్ మ్యాచ్ కోసం దాదాపు రెండేళ్లు ఎదురుచూశాడు. 2019 సెప్టెంబరులో దోహాలో ఆసియా చాంపియన్ ఖతర్‌ను భారత్ 0-0 దగ్గర నిలువరించినప్పుడు గోల్ ముందు నిలబడింది అతనే.

కీపర్‌కు వయసుకన్నా పెద్ద శత్రువు నియమాల పుస్తకం. 1912 దాకా తన సగం మైదానంలో ఎక్కడైనా బంతిని చేత్తో పట్టుకోగలిగేవాడు. ఆ ఏడు పెనాల్టీ ప్రాంతానికే పరిమితం చేశారు. 1990 ప్రపంచకప్‌లో జట్లు ఆధిక్యం రాగానే బంతిని కీపర్‌కు వెనక్కిస్తూ కాలం గడిపేయడంతో జనం విసిగిపోయారు. 1992 నుంచి సొంత ఆటగాడు కాలితో కావాలని ఇచ్చిన బంతిని చేత్తో ముట్టుకోకూడదన్నారు. అప్పటిదాకా చేతులే ఆస్తిగా ఉన్న తరం రాత్రికి రాత్రి కాళ్లతో ఆడాల్సి వచ్చింది. ఇప్పుడు పెద్ద క్లబ్బులు కీపర్‌ను ఎంచుకునేటప్పుడు ఎలా ఆపుతాడో చూసినంత శ్రద్ధగా, ఎలా పాస్ ఇస్తాడో చూస్తున్నాయి. నన్నడిగితే ఇది కొంచెం అతి అయింది. పాస్ అద్భుతంగా ఇచ్చి గోల్ వదిలేసేవాడితో ఎన్నాళ్లు వేగుతారు? 2025 జులై నుంచి మరో నియమం. బంతిని ఎనిమిది సెకన్లకు మించి చేతిలో ఉంచుకుంటే అవతలి జట్టుకు కార్నర్ కిక్ ఇచ్చేస్తారు. చివరి అయిదు సెకన్లను రిఫరీ చెయ్యెత్తి వేళ్లతో లెక్కపెట్టి చూపిస్తాడు. 400 మిల్లీసెకన్లలో పని ముగించడం నేర్చినవాడికి ఎనిమిది సెకన్లంటే ధారాళం అనుకుంటాం గాని, గెలుస్తున్న జట్టు కీపర్‌ను అడిగితే తెలుస్తుంది ఆ ఎనిమిది ఎంత తొందరగా అయిపోతాయో.